సంఘంలో ఇచ్చిన చేబదులు తిరిగి అడిగితే ప్రేమ లేనట్టా?

కొర్లగుంట టైలరమ్మ, తిరుపతి:
అందరికీ వందనాలు. రెండేళ్ల కిందట మా చర్చి సంఘంలో ఒక అక్కకు 40,000 చేబదులు ఇచ్చాను. వాళ్లాయనకు ఆపరేషన్. నోటు లేదు, వడ్డీ లేదు. ఆర్నెల్లలో ఇస్తానంది. ఇప్పుడు మా పాపకు నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టాలి. పోయిన నెల అడిగితే ఏడ్చింది. అప్పటి నుంచి నన్ను చూస్తే పక్కకు తిరిగి వెళ్లిపోతోంది. విషయం తెలిసిన పెద్దాయన ఒకరు నన్ను పిలిచి, "ప్రేమ అపకారమును మనస్సులో ఉంచుకొనదు. నువ్వింకా లెక్క పెట్టుకున్నావా అమ్మా?" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. మిషన్ ముందు కూర్చున్నా అదే టెన్షన్. మొన్న ఆదివారం చర్చిలో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, లేవాలంటే కాళ్లు రాలేదు. నా డబ్బు నేను అడగడం ప్రేమ లేకపోవడమా?

గ్రీమ్స్‌పేట తమ్ముడు, చిత్తూరు:
అక్కా, నొప్పించాలని కాదు, నా మనసుకు తోచింది చెప్తాను. వదిలెయ్యండి. మత్తయి 18లో రాజు తన దాసుడికి పదివేల తలాంతులు వదిలేశాడు. తలాంతుకు సుమారు 6,000 దేనారాలు (ఆనాటి వెండి నాణేలు), అంటే మొత్తం 6 కోట్ల దేనారాలు. వాడు బయటికొచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకున్నాడు. మనకు మాఫీ అయింది ఎంతో తెలిశాక 40,000 ఏపాటిది? తిరిగి వస్తుందన్న నమ్మకం ఉన్నవాళ్లకే అప్పిస్తే మీకేమి మెప్పు అని లూకా 6:34లో ప్రభువే అడిగాడు. నష్టపోవడానికి సిద్ధపడకుండా ప్రేమ ఎక్కడుంది? సిలువ అదే కదా.

పాకాల మాస్టారు:
తమ్ముడూ, ఆ నూరు దేనారాలను చిన్న మొత్తం చేసి మాట్లాడొద్దు. దేనారం ఒక రోజు కూలి (మత్తయి 20:2). నూరు రోజుల చెమట అది. రోజుకు 400 అనుకో, సరిగ్గా అక్క ఇచ్చిన 40,000. తన బాకీ మాఫీ అయినవాడు, అవతలివాడు కాళ్లమీద పడి గడువు అడిగినా వినకుండా చెరసాలలో వేయించడం ఆ కథలో తప్పు. అక్క అలాంటిదేమీ చేయలేదు.

పెద్దాయన చెప్పింది 1 కొరింథీ 13:5. అక్కడి గ్రీకు మాట లోగిజొమై, పద్దు రాసుకోవడానికి కూడా వాడే మాట. ప్రేమ రాసిపెట్టుకోనిది కీడును. ఇచ్చిన డబ్బు మరిచిపొమ్మని అందులో లేదు. పైగా ఆ తరువాతి వచనమే, ప్రేమ సత్యమునందు సంతోషించును అంటుంది. బాకీ ఉందన్నది సత్యమే కదా.

నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను అన్నది మనందరికీ నోటికొచ్చు. లేవీయకాండము 19:18. దాని పై వచనం ఎంతమందికి గుర్తుంది? నీ సహోదరుణ్ణి లోలోపల ద్వేషించకు, తప్పుంటే ఎదురుగా చెప్పు అని. ఎలా అడగాలో కూడా మోషే ధర్మశాస్త్రంలో ఉంది. ద్వితీయోపదేశకాండము 24 చూడండి. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం వాళ్లింట్లోకి వెళ్లకూడదు. బయట నిలబడాలి, వాళ్లే తెచ్చివ్వాలి. బీదవాడు తాకట్టు పెట్టిన దుప్పటిని పొద్దుగూకేలోపు తిరిగిచ్చేయాలి. అడగొచ్చు, గడప మాత్రం దాటకూడదు. ఎన్నిసార్లు చదివినా నేను ఇక్కడ ఆగిపోతాను.

గ్రీమ్స్‌పేట తమ్ముడు:
గడప సంగతి నేనెప్పుడూ గమనించలేదు మాస్టారూ. కానీ 1 కొరింథీ 6:7 మాటేమిటి? విశ్వాసులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యమాడటం కంటే అన్యాయం సహించడం మేలు కాదా అని పౌలే అడిగాడు.

పాకాల మాస్టారు:
అది కోర్టుకెక్కినవాళ్లతో అన్నది. దానికి రెండు వచనాల ముందే, మీలో తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని సంఘాన్నే సిగ్గుపడమన్నాడు. పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చాలి. నష్టపోయిన ఆవిడకు ఒక వాక్యం చెప్పి పంపేస్తే ఎలా? అదే పౌలు ఫిలేమోనుకు రాస్తూ, నీ దాసుడు ఒనేసిము నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తాను అని స్వయంగా తన చేత్తో రాసిచ్చాడు. వదిలెయ్యమనే పెద్దాయన తన జేబులోంచి 5,000 వేస్తే ఆ మాటకు బలముంటుంది.

లీలామహల్ సెంటర్ వాసి, తిరుపతి:
నేను క్రైస్తవుణ్ణి కాను, అయినా ఒక మాట. మా స్వామి వడ్డికాసులవాడు. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు కలియుగమంతా తీరుస్తూనే ఉంటాడని విని పెరిగినవాళ్లం. ఆయనకే తప్పని అప్పుకు ఆ అక్క తలదించుకోవక్కర్లేదని చెప్పండమ్మా.

పలమనేరు సిస్టర్:
నేను అవతలి వైపు నిలబడ్డదాన్ని. అమ్మ వైద్యానికి మా సంఘంలో ఒకావిడ దగ్గర 25,000 తీసుకున్నాను. ఇవ్వలేకపోయాను. ఆమె ఒక్క మాట అడగలేదు. అదే ప్రేమ అనుకున్నాను. కానీ మొదట ఆమె పక్కన కూర్చోవడం మానేశాను. తరువాత ఆలస్యంగా వెళ్లి ముందే వచ్చేసేదాన్ని. చివరికి గుడికి పోవడమే మానేశాను. ఆమె ఏమీ అనకపోవడమే నాకు రోజూ వినబడేది.

ఒకరోజు ఆమే మా ఇంటికొచ్చింది, ఒంటరిగా. టీ తాగి, "నెలకు ఎంతయితే నీ పొయ్యిమీదకు లోటు రాదో అంతే ఇవ్వు, 500 అయినా సరే" అంది. నన్ను తీర్చగల మనిషిగా చూసినందుకు ఏడ్చేశాను. ఒక నెల 500, ఒక నెల 1,000, మూడేళ్లు పట్టింది. చివర్లో మిగిలిన 4,000 ఆమె వద్దంది. మొదట్లోనే మొత్తం వదిలేసి ఉంటే నేను ఇప్పటికీ తప్పించుకు తిరుగుతుండేదాన్ని. అక్కా, మీరు వెళ్లండి. పెద్దల్ని తరువాత పిలవొచ్చు. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

కొర్లగుంట టైలరమ్మ:
ఇవన్నీ మా ఆయనకు చదివి వినిపించాను. నిన్న సాయంత్రం వెళ్లాను. మాస్టారు చెప్పింది గుర్తుండి బయట అరుగు మీదే కూర్చున్నాను. వాళ్లాయన ఇంకా పనికి పోవట్లేదంట. రెండేళ్లలో నేను ఆ సంగతి అడగనే లేదు. నెలకు 1,000 ఇస్తానంది, సరే అన్నాను. ఫీజుకు అది చాలదు, నా కమ్మలు తాకట్టు పెట్టాలి. తమ్ముడూ, మొత్తం వదిలెయ్యడానికి నాకింకా మనసు రాలేదు, అబద్ధం చెప్పను. లేచి వస్తుంటే క్రిస్మస్‌కు కుట్టమని జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి కానీ బాగా చిక్కిపోయింది. అక్కడే మళ్లీ తీసుకున్నాను.