ఏసీ బెల్ట్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా, షెడ్డుకే ఇవ్వాలా?

హెబ్బాళ_కిరణ్
అందరికీ నమస్కారం. పాత చిన్న పెట్రోల్ కారు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. బెల్టులు రెండు: ఒకటి డైనమోకీ నీళ్ళ పంపుకీ, రెండోది ఏసీ కంప్రెసర్‌కి మాత్రమే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఏసీ క్లచ్ (కంప్రెసర్‌ని పుల్లీకి కలిపేది) పట్టగానే కీచుమంటుంది. బండి కదిలి వేగం అందుకుంటే ఆగిపోతుంది. షెడ్డులో చూపిస్తే బెల్టూ, ఐడ్లర్ పుల్లీ (బెల్ట్ బిగువు సర్దే చిన్న చక్రం) మార్చాలి, గ్యాస్ కూడా నింపాలి అన్నారు. పాత బెల్ట్ మీద 4పీకే 880 అని ఉంది. జేసీ రోడ్డులో బెల్ట్ కొనుక్కుని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేనే వేసుకోవచ్చా? జాకీ, పానాల సెట్టు ఉన్నాయి.

పెరంబూరు_సత్యం
నిక్షేపంగా వేసుకోండి. 4 అంటే గాళ్ళు, 880 అంటే మిల్లీమీటర్లలో పొడవు. అదే నంబరు తెచ్చుకోండి, 890 ఉంది సరిపోతుందిలే అంటే తీసుకోవద్దు.

ఇంజన్ చల్లారాక బ్యాటరీ మైనస్ తీగ తీయండి. బెల్టులున్న వైపు ముందు చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ తెర తీస్తే పుల్లీలన్నీ కనిపిస్తాయి. ఐడ్లర్ నడిమి నట్టు ముందు వదులు చెయ్యాలి, ఆ తర్వాతే బిగువు సర్దే పొడుగు బోల్టు తిప్పాలి. నడిమి నట్టు బిగిసి ఉండగా ఆ బోల్టు మీద బలం పెడితే మర కొట్టుకుపోతుంది. తుప్పు ఉంటే ముందు రోజు రాత్రే నూనె వేసి ఉంచండి. డైనమో బెల్ట్ బయటి వైపున ఉంటే ముందు అది తీయాల్సి వస్తుంది.

కొత్త బెల్ట్ ఎక్కించాక ప్రతి పుల్లీ దగ్గరా వేలు పెట్టి తడమండి. ఒక గాడి పక్కకి కూర్చోవడమే కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు. మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 మి.మీ దిగాలి. అంతే, గంట పని. బెల్ట్ మార్చడానికి గ్యాస్ గొట్టం ఒక్కటి కూడా విప్పరు. గ్యాస్ ఎందుకు నింపాలో ఆ షెడ్డువాళ్ళనే అడగండి.

విల్లివాక్కం_రఘు
బెల్ట్ దొరికేదాకా ఏసీ బెల్ట్ తీసేసి నడపొచ్చా?

కేఆర్‌పురం_వెంకట్
రఘు గారూ, కిరణ్ గారి బండిలా ఏసీకి విడి బెల్ట్ ఉంటే నడపొచ్చు, ఏసీ స్విచ్ మాత్రం ముట్టుకోకూడదు. అన్నిటికీ ఒకే పొడుగు బెల్ట్ ఉన్న బండిలో అది తీస్తే ఛార్జింగ్ ఉండదు. చాలావాటిలో నీళ్ళ పంపు కూడా ఆగి ఇంజన్ కాగిపోతుంది.

సత్యం గారు చెప్పిన వరస బాగుంది. రెండు చోట్ల మాత్రం ఒప్పుకోను. మొదటిది, జాకీ. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే. దాని మీద బండి నిలిపి లోపల చెయ్యి పెట్టకూడదు. కింద స్టాండు పెట్టాలి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాలి. బేస్‌మెంట్‌లోకి దిగే వాలు మీద అసలు చెయ్యొద్దు.

రెండోది బొటనవేలు. ఎంత బలంతో నొక్కారో తెలియకుండా 10 మి.మీ అంటే అది కొలత కాదు. 10 కిలోల బలంతో నొక్కితే 10 మి.మీ దిగిందనుకోండి. రెండు పుల్లీల మధ్య దూరం 200 మి.మీ అయితే బెల్ట్‌లో బిగువు దాదాపు 50 కిలోలు. అదే దూరం 400 మి.మీ అయితే 100 కిలోలు. నొక్కింది 5 కిలోలతోనే అయితే రెండూ సగానికి పడిపోతాయి. సామాను తూచే కొక్కెం త్రాసు తెచ్చి బెల్ట్ నడిమధ్యన తగిలించి 10 కిలోలు చూపేదాకా లాగండి. పుల్లీల మీదుగా స్కేలు పెట్టి ఎంత జరిగిందో చూడండి. ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, కొత్త బెల్ట్‌కి తక్కువ, వాడిన బెల్ట్‌కి కాస్త ఎక్కువ.

పెరంబూరు_సత్యం
త్రాసు ఎందుకండీ? కొత్త బెల్ట్ ఎలాగూ మొదటి పది నిమిషాల్లో కాస్త సాగుతుంది. మీరు మిల్లీమీటరు లెక్కన పెట్టిందీ మారిపోతుంది. వేలితో చూడాలి, పది నిమిషాలు నడపాలి, మళ్ళీ చూసి సర్దాలి.

కేఆర్‌పురం_వెంకట్
మళ్ళీ చూడాలన్నది నిజమే. దేనితో చూస్తారన్నదే నా ప్రశ్న. పైగా నడిమి నట్టు బిగించేటప్పుడు కూడా ఐడ్లర్ కొంచెం జరిగి బిగువు మారుతుంది. నట్టు బిగించాకే కొలవాలి. మీ వరసలో ఆ మాట లేదు.

పెరంబూరు_సత్యం
నట్టు బిగించకుండా బండి తీస్తారని ఎవరైనా అనుకుంటారా?

కేఆర్‌పురం_వెంకట్
బిగించడం గురించి కాదు, బిగించాక కొలవడం గురించి అంటున్నాను. బిగువు ఎక్కువైతే ఐడ్లర్ బేరింగూ కంప్రెసర్ పుల్లీ బేరింగూ ముందే పోతాయి. తక్కువైతే బెల్ట్ జారి, కాగి, అద్దంలా మెరుపు తేలుతుంది. మెరుపు తేలిన బెల్ట్‌ని తర్వాత ఎంత బిగించినా పట్టదు.

మడివాళ_లత
కీచు శబ్దానికి సబ్బు రుద్దితే పోతుందంటారు, నిజమేనా?

అంబత్తూరు_షెడ్డు
వద్దమ్మా. సబ్బు గానీ, జిగురు స్ప్రే గానీ వారం రోజులే. దుమ్ము పట్టుకుని గాళ్ళు కోసుకుపోతాయి. పెట్రోలియం నూనె పడితే రబ్బరు ఉబ్బుతుంది.

కిరణ్ గారూ, ఏసీ వేయకుండా బండి స్టార్టింగ్‌లో పెట్టి, దూరంగా నిలబడి, స్ప్రే సీసాతో బెల్ట్ గాళ్ళున్న వైపు నీళ్ళు కొట్టండి. తర్వాత ఏసీ వేసి ఇంకోసారి. చున్నీ, పొడుగు చేతుల చొక్కా దగ్గర లేకుండా చూసుకోండి. తడవగానే శబ్దం పెరిగితే బెల్ట్ జారుతోంది. తగ్గి కాసేపటికి మళ్ళీ వస్తే పుల్లీ వరస తప్పింది. ఏ మార్పూ లేకుండా గురగురమంటే బేరింగ్.

ఇంకో మాట, ఇది చదివే మిగతావాళ్ళకి: కొన్ని బండ్లకి బిగువు సర్దే పుల్లీయే ఉండదు, సాగే బెల్ట్ వేస్తారు. దానికి ఎక్కించే పనిముట్టు విడిగా ఉంటుంది, పాతది కోసి తీయాలి, తీసింది మళ్ళీ వేయకూడదు. స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే లోపలి దారాలు తెగుతాయి, నెల తిరక్కుండా విడిపోతుంది. ఇంట్లో వేసి మా దగ్గరికి వచ్చేవాటిలో ఇవే ఎక్కువ.

కేఆర్‌పురం_వెంకట్
షెడ్డు గారూ, నీళ్ళ పరీక్ష మంచి మాట. కానీ ఆ పరీక్ష ఏ షెడ్డులో చేస్తున్నారు? బండి ఆగగానే బెల్ట్, ఐడ్లర్, గ్యాస్ అని చీటీ రాసి చేతిలో పెడుతున్నారు. నా దగ్గరా అలాగే ఐడ్లర్‌కి డబ్బు తీసుకున్నారు, పాతది చూపించమంటే పారేశామన్నారు.

అంబత్తూరు_షెడ్డు
నీ డబ్బు తీసుకున్నది నేను కాదు. అందర్నీ ఒక గాటన కట్టకు.

కేఆర్‌పురం_వెంకట్
మరి మీరూ బెల్ట్‌తో పాటు ఐడ్లర్ మారుస్తారా లేదా? సూటిగా చెప్పండి.

అంబత్తూరు_షెడ్డు
మారుస్తాను. ఎందుకో విను. బెల్ట్ ఒక్కటే వేసి పంపిస్తే, ఇరవై రోజులకి ఐడ్లర్ బేరింగ్ పట్టేసి కొత్త బెల్ట్ తెగితే, ఆ మనిషి ఎవరి దగ్గరికి వస్తాడు? నా దగ్గరికి. మళ్ళీ చక్రం విప్పాలి, మళ్ళీ బెల్ట్ వేయాలి, కూలి అడిగితే గొడవ. నువ్వు ఇంట్లో చేసుకుంటే ఆ రెండోసారి నీ ఆదివారం పోతుంది. నా దగ్గర నా పేరు పోతుంది. నువ్వు త్రాసు గురించి వాదిస్తున్నావు, నేను వెనక్కి వచ్చే బండి గురించి మాట్లాడుతున్నాను.

పెరంబూరు_సత్యం
ఇందులో న్యాయముంది. నేను గంట పని అన్నది బెల్ట్ మార్పు మాత్రమే.

కేఆర్‌పురం_వెంకట్
న్యాయం సగమే. వెనక్కి వస్తుందన్న భయం మీది, డబ్బు మాత్రం యజమానిది. బెల్ట్ తీశాక ఐడ్లర్‌ని వేలితో ఒక్కసారి తిప్పితే ఐదు సెకన్లలో తెలుస్తుంది. చడీచప్పుడు లేకుండా, గ్రీజు అడ్డుతో మెత్తగా తిరిగితే బాగున్నట్టు. గరగర తగిలినా, పక్కకి ఊగినా, గ్రీజు ఎండి బొంగరంలా ఆగకుండా తిరిగినా మార్చాలి. అలాంటప్పుడు కూడా చాలా ఐడ్లర్లలో బేరింగ్ ఒక్కటే ఒత్తి మార్చుకోవచ్చు. 6203 అని రాసి ఉంటే లోపలి రంధ్రం 17, బయటి కొలత 40, మందం 12 మి.మీ. రెండు వైపులా రబ్బరు సీలున్నది అడిగితే ఏ బేరింగ్ దుకాణంలోనైనా ఇస్తారు. యజమానిని పిలిచి ఆ పుల్లీ అతని చేత్తో తిప్పించండి. వద్దంటే చీటీ మీద రాయించుకోండి. నిర్ణయం అతనిది. నేను ఇంటి పని అని పట్టుబట్టేది డబ్బు మిగులుతుందని కాదు, ఆ ఐదు సెకన్లు ఎవరూ చూపించరని.

అంబత్తూరు_షెడ్డు
చూపిస్తే నమ్మేవాళ్ళు సగం మంది. నమ్మనివాళ్ళకి ఎంత చూపించినా అదే అనుమానం. రాసి ఇచ్చాక బెల్ట్ తెగినా గొడవ నాతోనే. నేను మార్చే వేస్తాను. పాతది మాత్రం సంచిలో వేసి ఇస్తాను, అది నా పద్ధతి.

మడివాళ_లత
కిరణ్ గారు మొదటే రాశారు కదా: ఆగి ఉంటే కీచు, కదిలితే లేదు. రేడియేటర్ ముందున్న ఏసీ ఫ్యాన్ తిరుగుతోందా అని ఎవరూ అడగలేదు. ఫ్యాన్ ఆగితే ఆగి ఉన్న బండిలో కండెన్సర్‌కి (ఏసీ గ్యాస్‌ని చల్లార్చే జాలీకి) గాలి ఉండదు, గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసర్ బరువెక్కి బెల్ట్ జారుతుంది. కదిలితే గాలి తగిలి తగ్గుతుంది.

అంబత్తూరు_షెడ్డు
అవునమ్మా, అది నేనే ముందు అడగాల్సింది. గ్యాస్ ఎక్కువ నింపినా ఇదే జరుగుతుంది. గేజీ పెట్టకుండా ఇంకా నింపమన్నవాళ్ళ మాట వినకండి.

హెబ్బాళ_కిరణ్
ఇప్పుడే చూశాను. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగడం లేదు. ఫ్యూజ్ బాగుంది. హారన్ రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బీ) అదే నంబరుది ఉంటే తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టాను, తిరిగింది. కీచు బాగా తగ్గింది, నీళ్ళు కొడితే మాత్రం ఇంకా వస్తోంది. బెల్ట్ గాళ్ళు మెరుస్తున్నాయి, పగుళ్ళు లేవు.

కేఆర్‌పురం_వెంకట్
ఇప్పటి బెల్టులకి వాడే ఈపీడీఎమ్ రబ్బరు పాతవాటిలా పగలదు, గాడి అరుగుతుంది. పగుళ్ళు లేవని వదిలేయకండి. మెరుపు తేలింది కాబట్టి మార్చాల్సిందే. బెల్ట్ ఊడినప్పుడు ఐడ్లర్ తిప్పి చూడండి. నడిమి నట్టు బిగించాక 10 కిలోలతో కొలవండి.

పెరంబూరు_సత్యం
బండి ఎక్కే ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాళం జేబులో ఉంచుకుని, క్రాంక్ బోల్టుకి (బెల్టుల్ని తిప్పే ఇంజన్ పుల్లీ నడిమి బోల్టుకి) పానా వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. బెల్ట్ గాడి తప్పి ఉంటే అక్కడే తెలుస్తుంది. తర్వాత పది నిమిషాలు ఏసీతో నడిపి మళ్ళీ చూడండి. వేలు చాలు.

కేఆర్‌పురం_వెంకట్
చల్లారాక చూడండి. త్రాసుతో.

అంబత్తూరు_షెడ్డు
కిరణ్ గారూ, హారన్ రిలే అక్కడే వదిలేసి రోడ్డెక్కకండి. కొత్త రిలే కొనేటప్పుడు పాతది తీసుకెళ్ళి, కాళ్ళ వరసా ఆంపియర్లూ పోల్చి చూసుకోండి.