ఓఈటీ రైటింగ్‌కి టెంప్లేట్ బట్టీ కొట్టొచ్చా? వెటర్నరీ వాళ్ళు చెప్పండి

రాజేంద్రనగర్ వెట్:
అందరికీ నమస్తే. ఆస్ట్రేలియాలో వెటర్నరీ డాక్టర్‌గా పనిచెయ్యడానికి రాసే ఏవీఈ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నా, ముందు ఓఈటీ (వైద్యరంగం వాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) గండం దాటాలి. లిజనింగ్, రీడింగ్ అన్ని ప్రొఫెషన్లకీ ఒకటే కాబట్టి వాటితో భయం లేదు, రైటింగ్‌తోనే. హైదరాబాద్‌లో ఒక కోచింగ్‌లో చేరితే బ్యాచ్ అంతా నర్సులే, సార్ నాక్కూడా వాళ్ళ డిశ్చార్జ్ లెటర్ టెంప్లేటే చేతిలో పెట్టి "బట్టీ కొట్టెయ్, పేర్లు మార్చుకో, బి గ్రేడ్ గ్యారంటీ" అన్నాడు. మా సీనియర్ ఏమో అది వాడితే బి గ్రేడ్‌కి కావాల్సిన 350 రానే రాదంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బర్రెల డాక్టర్:
తమ్ముడూ సార్ మాటే విను. మనం ఫీల్డ్‌లో రాసేది ఏముంది, మందుల చీటీ, ఇన్సూరెన్స్ క్లెయిముకి పోస్ట్‌మార్టం రిపోర్టు. బర్రె కేసు చెయ్యి దాటితే పెద్దాసుపత్రికి తోలుకపో అని నోటితో చెప్తాం, లెటర్ ఎవడు రాసిండు? పరీక్షలో మొత్తం 45 నిమిషాలు, మొదటి 5 చదవడానికే, పెన్ను ముట్టొద్దు. మిగిలిన 40లో 180 నుంచి 200 పదాల లెటర్. ఆ హడావిడిలో మొదటి లైను, చివరి లైను నోటికి వచ్చి ఉంటే సగం బరువు దిగినట్టే.

తిరుపతి అమ్మాయి:
అన్నా బరువు దిగుద్ది, దాంతోపాటు మార్కులూ దిగుతాయి 😀 మార్కులు ఆరు రకాలుగా వేస్తారు. మొదటిది పర్పస్, అంటే ఈ లెటర్ ఎందుకు రాస్తున్నావో మొదట్లోనే తెలియాలి, దానికి 3. కంటెంట్, క్లుప్తత, జానర్ (లెటర్‌కి తగ్గ శైలి), ఆర్గనైజేషన్, లాంగ్వేజ్ ఒక్కోదానికి 7. టెంప్లేట్ కాపాడేది మహా అయితే ఆర్గనైజేషన్‌ని.

నేను ప్రాక్టీస్‌కి రాసుకున్న కేసు ఒకటి చెప్తా. బెల్లా, 9 ఏళ్ళ ఆడ లాబ్రడార్, స్పే (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) చెయ్యలేదు, హీట్ (ఎద) అయి 5 వారాలు. రెండ్రోజులుగా సరిగ్గా తినట్లేదు, నీళ్ళు మాత్రం తెగ తాగుతోంది, స్కాన్‌లో గర్భసంచి నిండా ద్రవం. పయోమెట్రా (గర్భసంచిలో చీము) అనుకుని ఇవాళే సర్జరీకి ఎమర్జెన్సీ ఆసుపత్రికి పంపాలి. పరీక్షలో ఇచ్చే కేసు నోట్స్‌లో ఇవి కాక ఇంకో చాంతాడంత ఉంటుంది, రెండేళ్ళ కిందట చెవి ఇన్ఫెక్షన్, గోమార్ల మందు, ఓనర్ రిటైర్డ్ టీచర్, కిందటేడు పళ్ళు క్లీన్ చేసినప్పుడు మత్తు నుంచి లేవడానికి చాలా టైం పట్టింది, ఇవాళ పొద్దున 7కి కాస్త చికెన్ తింది. నర్సుల టెంప్లేట్‌లో పేషెంట్ కుటుంబ నేపథ్యానికి ఒక పేరా ఉంటుంది, దాన్ని నింపాలని రిటైర్డ్ టీచర్ సంగతి రాసేస్తావు, పదాలు అయిపోయి మత్తు సంగతి, చికెన్ సంగతి ఎగిరిపోతాయి. అక్కడ సర్జన్‌కి కావాల్సింది ఆ రెండే!

గన్నవరం బ్యాచ్:
ఈ గోలంతా ఎందుకు బ్రో, ఐఈఎల్టీఎస్ అకడమిక్ రాసెయ్. సెంటర్లు ఎక్కువ, ఫీజు తక్కువ, కోచింగ్ గల్లీకొకటి. గ్రాఫ్ మీద 150 పదాలు, ఎస్సే 250 పదాలు, గంటలో ఫినిష్.

తిరుపతి అమ్మాయి:
ఆ ఎస్సేకే కదా వెయిటేజీ డబుల్. అయిదున్నరేళ్ళు బీవీఎస్సీ ఇంగ్లీషులోనే చదివి, కుక్క కడుపులో ఏముందో చెప్పగలిగిన మనిషిని ఊళ్ళో సైకిల్ ట్రాకులు వెయ్యాలా వద్దా అనడిగితే ఏం రాస్తాడు. ఓఈటీలో కనీసం టాపిక్ మనది. ఏది రాసినా సరే మీ బోర్డు ఏది ఒప్పుకుంటుందో, ఒక్కో మాడ్యూల్‌లో ఎంత అడుగుతుందో వాళ్ళ సైట్‌లో చూశాకే డబ్బు కట్టండి, కోచింగ్ వాళ్ళ మాట మీద కట్టకండి.

బర్రెల డాక్టర్:
చెల్లెమ్మా కేసులో కావాల్సింది ఏరుకోవడం అంటవా, అది నర్సుకైనా ఉండేదే. మనోళ్ళ అసలు రోగం గ్రామర్. "షి ఈజ్ హేవింగ్ వామిటింగ్ సిన్స్ టూ డేస్" అని రాసేటోడికి కేసు ఎంత తెలిస్తే ఏం లాభం? ఏ, ది ఎక్కడ పెట్టాలో తెల్వనోడికి తప్పుల్లేని పది వాక్యాలు చేతిలో ఉంటే అదే దిక్కు.

మెల్బోర్న్ మావ:
ఇద్దరూ ఒకే విషయాన్ని చెరో వైపు నుంచి లాగుతున్నారు. ఇక్కడ క్లినిక్‌లో రోజూ ఇలాంటి లెటర్లు రాస్తా, వస్తే చదువుతా. గ్రామర్ కోసం వాక్యాల మూసలు నేర్చుకోవడం వేరు, లెటర్ మొత్తం మూసలో పొయ్యడం వేరు. వెటర్నరీలో పేషెంట్ ఒకరు, మాట్లాడేది ఇంకొకరు, నర్సుల టెంప్లేట్‌లో ఇది ఉండదు. సగం లెటర్లలో ఆయాసం కుక్కకో ఓనర్‌కో అర్థం కాకుండా రాస్తారు మనోళ్ళు. బెల్లాని ఒకచోట షి అని ఇంకోచోట ఇట్ అని రాస్తారు, ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా ఉండండి. ఇంకోటి, లెటర్ ఎప్పుడూ స్పెషలిస్టుకే అని లేదు, ఓనర్‌కి రాయమని కూడా ఇవ్వొచ్చు. అప్పుడు పయోమెట్రా అని వదిలేస్తే కుదరదు, గర్భసంచిలో చీము పట్టింది, కుట్లు నాకకుండా మెడకి కాలర్ ఉంచండి అని మామూలు మాటల్లో చెప్పాలి. టెంప్లేట్ నమ్ముకున్నోడు అక్కడే దొరికిపోతాడు.

రాజేంద్రనగర్ వెట్:
థాంక్స్ మావా, థాంక్స్ అక్కా. అయితే ఆ 5 నిమిషాల్లో ముందు ఏం చూడాలి?

తిరుపతి అమ్మాయి:
ముందు చివర ఉన్న టాస్క్ చదువు, ఎవరికి రాయాలో, ఎందుకో. తర్వాత నోట్స్‌కి రా, ఒక్కో లైను దగ్గర "ఇది తెలియకపోతే అవతలి డాక్టరుకి ఇబ్బందా" అని అడుగు, కాదంటే వదిలెయ్. బెల్లా లెటర్ రాసి ఇక్కడే పెట్టు, చూస్తాం.

బర్రెల డాక్టర్:
రాయి తమ్ముడూ, నేనూ చూస్తా. కానీ చివర్ల "డోంట్ హెసిటేట్ టు కాంటాక్ట్ మి" మాత్రం తీసెయ్యకు, అది నేను బట్టీ కొట్టిందే, వదల.