ప్రధాన యాజకుడి అంగీ గంటలు: కాలికి తాడు కట్టేవారన్నది నిజమేనా?

సండేస్కూల్ టీచర్
అందరికీ వందనాలు. వచ్చే వారం పిల్లలకి నిర్గమకాండము 28వ అధ్యాయం, అంటే ప్రధాన యాజకుడి బట్టల గురించి చెప్పాలి. ఆయన రొమ్ము మీద తగిలించుకునే పతకాన్ని అట్టతో చేస్తున్నాను. జానెడు పొడవు, జానెడు వెడల్పు, నాలుగు వరుసల్లో 12 రాళ్లు. రంగు కాగితాలు అంటించి ఒక్కోదాని మీద ఒక్కో ఇశ్రాయేలు గోత్రం పేరు రాస్తుంటే చోటే చాలడం లేదు. "ఇశ్శాఖారు" ఇరికించడానికి మూడు కాగితాలు పాడుచేశాను.

నా సందేహం గంటల గురించి. ఆయన వేసుకునే నీలి అంగీ అంచున దానిమ్మ పండ్లు, వాటి నడుమ బంగారు గంటలు. అతిపరిశుద్ధ స్థలంలోకి, అంటే గుడారంలో అన్నిటికన్నా లోపలి గదిలోకి, వెళ్లేటప్పుడు యాజకుడి కాలికి తాడు కట్టేవారని, గంటల చప్పుడు ఆగిపోతే చనిపోయాడని బయటికి లాగేసేవారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. వెతికితే ఎక్కడా దొరకలేదు. పిల్లలకి చెప్పొచ్చా?

పాత నిబంధన పాఠకుడు
వందనాలు సిస్టర్. చెప్పకండి. బైబిల్లో ఆ తాడు లేదు. ఆ మాట మధ్యయుగపు యూదు రచనల్లో కనిపిస్తుంది. అప్పటికి దేవాలయం కూలిపోయి (క్రీ.శ. 70) వందల ఏళ్లు దాటింది. "అతడు చావకయుండునట్లు దాని ధ్వని వినబడవలెను" అని 28:35లో ఉన్నమాట నిజమే. భయమంతా ఆ వచనంలోనే ఉంది, దానికి తాడు తగిలించనక్కర్లేదు.

ఇంకోటి. లేవీయకాండము 16:4 చదవండి. ఏడాదికోసారి జనం పాపాల కోసం జరిగే ప్రాయశ్చిత్త దినాన అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లేటప్పుడు, మొదటి ప్రధాన యాజకుడైన అహరోను వేసుకోవలసినవి సన్ననార చొక్కాయి, నార దట్టి, నార పాగా. ఆ పేర్లలో నీలి అంగీ లేదు, ఏఫోదు (అంగీ మీద వేసుకునే పైవస్త్రం) లేదు, పతకమూ లేదు. గంటలే లేని రోజున వాటి చప్పుడు ఆగడమేమిటి? మిగతా రోజుల్లో బంగారంతో మెరిసేవాడు, అందరి పాపం కోసం లోపలికి వెళ్లే రోజున మాత్రం సాదా నార బట్టల్లో వెళ్లాడు. నన్ను బాగా కదిలించింది ఇదే.

మీ పతకం పేర్ల గురించి కూడా ఒక మాట. ఆ 12 పేర్లూ రెండుచోట్ల ఉంటాయి. భుజాల మీద రెండు లేతపచ్చలు, ఒక్కోదాని మీద ఆరేసి పేర్లు. మళ్లీ రొమ్ము మీద ఒక్కో పేరుకి ఒక్కో రాయి. బరువు మోసే చోట, గుండె దగ్గర. పైగా మోషే కొండమీద ఈ బట్టల సంగతి వింటున్న ఆ నలభై రోజుల్లోనే అహరోను కింద జనం మొక్కడానికి బంగారు దూడను పోతపోశాడు (నిర్గమకాండము 32వ అధ్యాయం). ఆ బట్టలు అలాంటివాడి కోసమే.

కుట్టుపని చేసే అక్క
టీచర్ గారూ, నేను బట్టలు కుడతాను కాబట్టి నా కన్ను నిర్గమకాండము 28:32 మీద పడుతుంది. అంగీకి తల దూరే రంధ్రం చుట్టూ నేసిన గోటు ఉండాలి, చినగకుండా. ఏ బట్టయినా ముందు చిరిగేది అక్కడే, రోజూ లాగి వేసుకుంటాం కదా. అది తెలిసినవాళ్లు చెప్పినట్టే ఉంటుంది ఆ వచనం. ప్రధాన యాజకుడు తన బట్టలు చింపుకోకూడదని లేవీయకాండము 21:10 కూడా అంటుంది. అది చదివాక, యేసు ముందు ప్రధాన యాజకుడైన కయప బట్టలు చింపుకోవడం (మత్తయి 26:65) నాకు వేరేగా వినిపించింది. సిలువ దగ్గర సైనికులు చింపకుండా చీట్లు వేసుకున్న యేసు అంగీకి అసలు కుట్టే లేదు.

దారం సంగతి పిల్లలకి తప్పక చెప్పండి. బంగారాన్ని పలుచని రేకులుగా కొట్టి, తీగలుగా కత్తిరించి, నీల ధూమ్ర రక్తవర్ణాల నూలుతో కలిపి నేశారు (నిర్గమకాండము 39:3). సన్నగా కోయకపోతే బట్ట గరుకుగా తయారై ఒంటికి గుచ్చుకుంటుంది.

పాత నిబంధన పాఠకుడు
అక్కా, గోటు గురించి ఇన్నేళ్లలో నేను ఆలోచించనేలేదు. ఒక్కటి కలుపుతాను. దానిమ్మకి, గంటకి అర్థమిదని వచనం చెప్పదు. యాజక కుటుంబంలో పుట్టిన యూదు చరిత్రకారుడు జోసీఫస్ మొదటి శతాబ్దంలో గంటల్ని ఉరుములకి, దానిమ్మల్ని మెరుపులకి పోల్చాడు. సంఘాల్లో గంట సువార్త, పండు ఫలం అంటారు. అదీ మంచిదే, కానీ "కొందరు ఇలా అనుకుంటారు" అని చెప్పండి. 2011లో జెరూసలేములో పాత మురుగు కాలువ తవ్వుతుంటే చిన్న బంగారు గంట ఒకటి దొరికింది, తగిలించడానికి కొక్కెంతో సహా. అది యాజకుడిదేనని ఎవరూ తేల్చలేదు. పిల్లలకి ఫొటో చూపించొచ్చు.

సండేస్కూల్ టీచర్
చాలా థ్యాంక్స్ అండీ. తాడు కథ మానేస్తున్నాను. ఒక బాబుకి పతకం, పాగా, గంటలు అన్నీ పెట్టి, లేవీయకాండము 16 చదివేటప్పుడు ఒక్కొక్కటే తీసేయిస్తాను. కింద ముందే తెల్ల చొక్కా వేసుకుని ఉంటాడు. అక్కా, అట్ట మెడ దగ్గర చినగకుండా టేపు ఒక వరుస చాలా, రెండా?