ఈ వారం సమస్య: పాలు మానలేదు పండుముసలి

నిర్వాహకుడు:
పోయిన ఆదివారం మన విశాఖపట్నంలో పాతపోస్టాఫీసు దగ్గర స్నేహితుడి ఇంటికి వెళ్లాను. అప్పుడే అందరూ చర్చి నుంచి వచ్చారు. ఎనభై దాటిన వాళ్ల తాతగారు గ్లాసుడు పాలల్లో రొట్టె ముంచుకుంటూ ఆనాటి ప్రసంగం మీద విసుక్కుంటున్నారు. "ఎన్నేళ్లయినా ఇదే పాల పాఠం, అన్నం ఎప్పుడు పెడతారయ్యా వీళ్లు?" అని. ఆ చేతిలో గ్లాసు చూసి నాకు నవ్వాగలేదు. సిటీబస్సు దిగేలోపు పద్యపాదం కుదిరిపోయింది. ఇది ఆటవెలదికి చివరి పాదం, పై మూడూ మీరు కట్టాలి.

పాలు మానలేదు పండుముసలి

క్రైస్తవ బోధలో విశ్వాసి పసితనం దాటి పెద్దవాడు కావడం, అదే వస్తువు. పాలంటే మొదటి పాఠాలు, అన్నమంటే లోతైన బోధ. గేదెల మీదా హీరో కటౌట్ల మీదా పద్యాలు పంపితే తీసేస్తాను. పోయినసారి అనుభవం చాలు.

పూర్ణా మార్కెట్:
బోణీ నాదే.

కడలిలోన మునిగి కన్నీరు విడిచెను
నలువదేండ్లు గడిచె నాటి నుండి
అన్నమిడిన నోరు నటునిటు త్రిప్పును
పాలు మానలేదు పండుముసలి

మన బీచిలో బాప్తిస్మాలు చూసినవాళ్లకు మొదటి పాదం తెలుస్తుంది. ఈపాటికి మీరే బోధకులు కావలసినవాళ్లు, ఇంకా మూలపాఠాలే చెప్పించుకుంటున్నారు అని హెబ్రీయుల పత్రికలో ఒక చీవాటు ఉంది. నా ముసలాయన ఆ బాపతు.

డాల్ఫిన్ ముక్కు:
మూడో పాదంలో యతి సముద్రంలో మునిగిందా? పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం, అంటే నాలుగో అక్షరాల గుంపు, మొదటి అక్షరం కలవాలిగా. ఇక్కడ మొదట 'అ', అక్కడ 'న'.

నిర్వాహకుడు:
నోరున్ + అటు. అకారం లోపల ఉంది, తొందరపడకండి.

డాల్ఫిన్ ముక్కు:
సరే, ద్రుతం, అదే ఆ చివరి 'న్', దయ వల్ల బతికింది. భావం మాత్రం సమస్యలో ఉన్నదే. విప్పింది ఏముంది?

రాస్‌హిల్ మెట్లు:
విప్పడమంటే ఇలా.

సంఘపెద్ద యనుచు సభలోన కూర్చుండు
వాక్యమెల్ల నోట వల్లె వేయు
కుర్చి కదిపినంత గుండె రగులును కో
పాలు మానలేదు పండుముసలి

మూడో పాదం చివరి 'కో'ని కిందికి దించుకుని చదవండి. పాలు మానడం కాదు, కోపాలు మానడం.

పూర్ణా మార్కెట్:
అబ్బ! చిన్న 'కో'తో మొత్తం తిప్పేశారు. నేను 'పాపాలు' దాకా వెళ్లాను గానీ 'పా' పక్కన 'పా' వికారంగా ఉందని వదిలేశాను.

వాల్తేరు అత్త:
విరుపు ఒక్కటే కాదు బాబూ, విషయం కూడా సరిగ్గా పడింది. కొరింథువాళ్లను పౌలు ఊరికే పసిపిల్లలు అనలేదు. మీకు పాలే పట్టాను, అన్నం పెట్టలేదు అని, వెంటనే కారణం చెప్పాడు. మీలో అసూయ ఉంది, కలహం ఉంది, ఒకడు నేను పౌలు మనిషినంటాడు, ఒకడు అపొల్లో మనిషినంటాడు అని. ఎన్ని వాక్యాలు వచ్చో అడగలేదు, ఎందుకు కొట్టుకుంటున్నారో అడిగాడు. మీ సంఘపెద్దకు వాక్యమంతా వచ్చు, కుర్చీ దగ్గర మాత్రం పసివాడు.

డాల్ఫిన్ ముక్కు:
అత్తగారు మెచ్చాక మాట్లాడకూడదు గానీ, 'కుర్చి' ఏమిటండీ? కుర్చీకి దీర్ఘం ఉంది. ఆ దీర్ఘం కోసేస్తే కుర్చీకి ఒక కాలు పోయినట్టే. దాని మీద సంఘపెద్దను కూర్చోబెట్టారు, కోపం రాదూ మరి?

రాస్‌హిల్ మెట్లు:
మా ఇంట్లో అందరూ 'కుర్చి' అనే అంటారు. పోయిన సంక్రాంతి సమస్యకు గణం చాలక 'ఆహా' అని ఒకటి, 'ఇంక' అని రెండు పెట్టి పాదం నింపిన వారు నా దీర్ఘాలు లెక్కపెడుతున్నారు.

డాల్ఫిన్ ముక్కు:
ఆ 'ఆహా' ఆశ్చర్యార్థకం. భావానికి అవసరం.

రాస్‌హిల్ మెట్లు:
ముగ్గు వేసే పిన్నిని చూసి ఆశ్చర్యమా? సరే.

డాల్ఫిన్ ముక్కు:
కావాలంటే దీర్ఘం తెగకుండా సరిచేసి ఇస్తాను. 'పీట కదిపినంత పిత్తమెగయును కో'.

రాస్‌హిల్ మెట్లు:
చర్చిలో పీటలు వేసుకుని ఎవరు కూర్చుంటారండీ, పెళ్లా?

కంచరపాలెం కుర్రాడు:
అయ్యవార్లూ, కొత్తవాణ్ణి, తప్పులుంటే తిట్టకండి. ప్రతి బోధగాలికీ కొట్టుకుపోయే పసివాళ్లలా ఉండొద్దని ఎఫెసీయుల పత్రికలో ఉంది కదా, దాని మీద.

గాలి వీచినపుడు గంతులు వేయును
బోధ మారినపుడె బుద్ధి మారు
చుక్కాని లేని తెప్ప సుడిలోన తిరుగును
పాలు మానలేదు పండుముసలి

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలూ నున్నగా ఉన్నాయి. 'బోధ'కు 'బుద్ధి' యతి చూస్తే కొత్తవాడివంటే నమ్మను. మూడో పాదం మాత్రం ఒడ్డు దాటకముందే మునిగింది. 'చుక్కా' అని రెండు గురువులతో, అంటే రెండు బరువైన అక్షరాలతో, మొదలెట్టావు. ఇక్కడ గురువు తర్వాత తేలికైన లఘువే రావాలి.

పూర్ణా మార్కెట్:
చుక్కాని తీసేసి 'చుక్క' చెయ్యి తమ్ముడూ. 'చుక్క లేని తెప్ప సుడిలోన తిరుగును'. చుక్కలు చూసుకుని దారి పట్టేవాళ్లు మన మత్స్యకారులు. చుక్క కనపడకపోతే తెప్ప తిరుగుతూనే ఉంటుంది. భావం ఇంకా బాగుపడింది.

డాల్ఫిన్ ముక్కు:
మన ఊళ్లో 'చుక్క' అంటే ముందు వేరేది గుర్తొస్తుంది. అది లేకుండానే తెప్ప తిరుగుతోందంటే అబ్బురమే.

కంచరపాలెం కుర్రాడు:
మా నాన్న ఈ పద్యం చదవకుండా చూసుకోవాలి.

వాల్తేరు అత్త:
అందరూ పాలను ఆడిపోసుకుంటున్నారు, నాకు నచ్చలేదు. పేతురు పాలు మానమనలేదు. అప్పుడే పుట్టిన బిడ్డలా వాక్యమనే పాల కోసం తపించండి, దానితోనే ఎదుగుతారు అన్నాడు. పైగా పండుముసలి అనగానే మగవాళ్లే గుర్తొస్తారేం?

తెల్లవారుజామె తెరచును వాక్యమ్ము
కళ్లజోడు తుడిచి కదిపి పెదవి
చంటిపాపవోలె చప్పరించుచునుండు
పాలు మానలేదు పండుముసలి

మా అమ్మ చివరి రోజుల్లో అచ్చం ఇలాగే. నోట్లో పళ్లు లేవు, వాక్యం మాత్రం నోట్లోంచి పోలేదు.

నిర్వాహకుడు:
తిట్టుగా ఇచ్చిన పాదాన్ని దీవెన చేశారు. ఒక్క అక్షరం కదపాలనిపించలేదు.

రాస్‌హిల్ మెట్లు:
పద్యం బంగారం. కానీ అత్తగారూ, ఒక సందేహం. పిల్లలవంటివారు కాకపోతే పరలోకరాజ్యంలో ప్రవేశించరని యేసు అంటాడు. పౌలేమో పిల్లచేష్టలు మానేశానంటాడు. ఎవరి మాట పట్టుకోవాలి?

వాల్తేరు అత్త:
పౌలే విడదీసి చెప్పాడుగా. చెడుతనంలో పసివాళ్లుగా ఉండండి, బుద్ధిలో పెద్దవాళ్లు కండి అని. మనం తిరగేసి పట్టుకుంటాం. బుద్ధి పసిది, పగలు పెద్దవి.

డాల్ఫిన్ ముక్కు:
ఇక నాది. అందరూ పాల చుట్టూ తిరిగారు, అన్నాన్ని పూర్ణా మార్కెట్ వారు ముట్టి వదిలేశారు. కొరింథు పత్రిక గ్రీకులో ఉన్నది 'బ్రోమా', అంటే తినే ఆహారం, అంతే. మన తెలుగు బైబిలు దాన్ని 'అన్నము' చేసి మన వంటింట్లోకి తెచ్చేసింది. అన్నప్రాశన అనే మాటనే ఇరికిద్దామని గంటసేపు తంటాలు పడి వదిలేశాను.

ఆరు నెలల పాప కన్నమ్ము ముట్టించి
తాత తాను వచ్చి దరిని నిలిచె
తనకు ముద్దపెట్ట తలయడ్డముగ నూపె
పాలు మానలేదు పండుముసలి

పాప ముందుకెళ్లింది, తాత ఆగిపోయాడు.

రాస్‌హిల్ మెట్లు:
తలయడ్డముగ ఊపే చోట నవ్వొచ్చింది, ఒప్పుకుంటున్నాను. 'ఆహా' కూడా లేదు.

వన్‌టౌన్ వాసి:
అన్నం మాట వచ్చింది గనుక చెబుతున్నా. ఆ తర్జుమా పుట్టిల్లు మన ఊరే. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు క్రాన్, డెస్‌గ్రాంజెస్ 1805లో ఇక్కడ దిగారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ తోడు దొరికాక పని సాగింది. డెస్‌గ్రాంజెస్ 1810లో పోయాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అదే సొసైటీకి చెందిన ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన మద్రాసులో 1818లో వచ్చింది.

డాల్ఫిన్ ముక్కు:
పుట్టిల్లు అనకండి. వాళ్లకంటే చాలా ముందే జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి తర్జుమా చేశాడు. అచ్చు కాలేదంతే.

వన్‌టౌన్ వాసి:
అచ్చు కానిదాన్ని మన ఊళ్లో ఎవరు చదివారండీ?

డాల్ఫిన్ ముక్కు:
మీ పద్యాలు అచ్చయ్యాయా? మేం చదవడం లేదా?

వాల్తేరు అత్త:
నేను షుల్జ్ మనిషిని, నేను ప్రిచెట్ మనిషిని. కానివ్వండి బాబూ, కానివ్వండి.

నిర్వాహకుడు:
ఈ వారం తాంబూలం అత్తగారికి. విరుపుకు రాస్‌హిల్ వారికి ఒక వక్క. కుర్చీ మీద చర్చ ఇక్కడితో బంద్.

డాల్ఫిన్ ముక్కు:
కుర్చి అనండి, వారి ఇంట్లో అలాగే అంటారట.

కంచరపాలెం కుర్రాడు:
నేను 'చుక్క'తో సరిచేసుకున్నాను. తీసేసిన చుక్కాని ఖాళీగా పడి ఉంది, ఎవరికైనా పనికొస్తుందా?