ఐపీస్ నుంచి కెమెరా దాకా: రాత్రి పరిశీలన తరగతిలో పాత అభ్యాసాలు ఎన్ని మిగలాలి?

నిశిబడి (ప్రశ్న):
ఎం.ఎస్‌సీ. మొదటి ఏడాది వాళ్లకి పన్నెండు వారాల రాత్రి పరిశీలన తరగతిని తిరగరాస్తున్నాం. పదహారు మంది, నలుగురేసి చొప్పున నాలుగు జట్లు. చేతిలో ఉన్నవి 20 సెం.మీ. ష్మిట్-కాసెగ్రెయిన్ (నాభ్యంతరం 2000 మి.మీ.), గీతలున్న 12.5 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం), చల్లబరిచే మోనో (నలుపు-తెలుపు) కెమెరా, బి (నీలం), వి (ఆకుపచ్చ-పసుపు) ఫిల్టర్లు. ఐపీస్ అభ్యాసాలు తీసేసి అంతా కెమెరాకో, ఎక్కడో ఉన్న రిమోట్ టెలిస్కోప్‌కో మార్చేద్దామని కొందరి వాదన. ఈ తరగతుల్లో ఏ కాలంలో ఏం నేర్పేవాళ్లు, ఎందుకు నేర్పేవాళ్లు అన్నది తెలిస్తే ఏది ఉంచాలో తేల్చుకుంటాం. చేసే పద్ధతీ, ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పండి.

యామ్యోత్తరం:
19వ శతాబ్దంలో అబ్జర్వేటరీ శిక్షణ అంటే ముందుగా కాలం కొలవడమే. 1854లో ఫ్రాంజ్ బ్రున్నో బెర్లిన్ నుంచి మిషిగన్ విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు అక్కడి డెట్రాయిట్ అబ్జర్వేటరీకి ముఖ్య పరికరం బెర్లిన్‌లోనే తయారైన మెరిడియన్ సర్కిల్ (ఉత్తర దక్షిణ రేఖను నక్షత్రం దాటే క్షణాన్ని కొలిచే టెలిస్కోప్). నక్షత్రం తీగ దాటిన క్షణాన్ని కన్నూ చెవీ కలిపి పట్టుకోవడం, దాన్ని లెక్కలోకి దింపడం, ఇదే పాఠం. 1865లో తెరిచిన వాసర్ మహిళా కళాశాలలో మరియా మిచెల్ ఇంకో అడుగు వేసింది. 12 అంగుళాల టెలిస్కోప్ ఉన్న అబ్జర్వేటరీని విద్యార్థినులకే అప్పగించి పరిశీలన చేయించింది. 1869 సంపూర్ణ సూర్యగ్రహణానికి తన శిష్యురాళ్లను అయోవాలోని బర్లింగ్టన్‌కు తీసుకెళ్లింది.

ఆ కాలం నుంచి మీరు తప్పక ఉంచాల్సింది 'మనిషి తేడా'. 1796లో గ్రీనిచ్ అబ్జర్వేటరీ అధిపతి మాస్కెలిన్ తన సహాయకుణ్ణి పనిలోంచి తీసేశాడు. అతను రాసే సమయాలు తనవాటికంటే సుమారు 0.8 సెకను ఆలస్యంగా ఉన్నాయన్నది కారణం. ఇది నిర్లక్ష్యం కాదు, ఒక్కొక్కరి కన్ను, చెవి, చెయ్యి పనిచేసే తీరులోనే తేడా ఉందని తర్వాత జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెస్సెల్ పోల్చి చూసి తేల్చాడు. మీ దగ్గర అది ఒక్క రాత్రిలో కనిపిస్తుంది:

ఖగోళ మధ్యరేఖకు దగ్గరున్న నక్షత్రం తీసుకోండి. ఓరియన్ నడికట్టులోని మింటాకా సరిగ్గా సరిపోతుంది. మోటారు ఆపండి. గీతను తూర్పు పడమరలకు అడ్డంగా తిప్పండి. నక్షత్రం గీత దాటిన క్షణాన్ని ప్రతి విద్యార్థీ పదిసార్లు గుర్తించాలి. అదే దాటడాన్ని కెమెరాతో వీడియో తీయలేం కాబట్టి జట్టులో ఒకరి సగటుతో మరొకరి సగటు పోల్చాలి. అందరి గడియారాలూ ముందే ఒకటి చేసుకోవాలి, లేకపోతే తేలేది మనిషి తేడా కాదు, ఫోన్ల తేడా. మధ్యరేఖ దగ్గర నక్షత్రం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. అంటే 0.8 సెకను తేడా వస్తే స్థానంలో 12 ఆర్క్ సెకన్ల తప్పు.

దీనికే అనుబంధం ఐపీస్ క్షేత్రాన్ని, అంటే అందులో కనిపించే ఆకాశపు వెడల్పును కొలవడం. నక్షత్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటడానికి పట్టిన సెకన్లను 0.25తో, క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి నక్షత్రం ఉన్న కోణ దూరం) కొసైన్‌తో గుణిస్తే ఆర్క్ నిమిషాలు వస్తాయి. ఇక్కడ అందరూ చేసే తప్పు సగటు తీయడం. నక్షత్రం నడిమధ్య నుంచి పోకపోతే వచ్చేది వ్యాసం కాదు, జ్యా. అది ఎప్పుడూ చిన్నదే. తప్పు ఒకవైపే ఉన్నప్పుడు సగటు కూడా తప్పే. మధ్యగా పోయిన వాటినే లెక్కలోకి తీసుకోవాలి. యాదృచ్ఛిక దోషానికీ క్రమ దోషానికీ తేడా చెప్పడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు.

చరతార:
పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తాను. నాదొక సూచన: కాలానికొక వస్తువు కాకుండా, ఒకే నక్షత్రాన్ని అన్ని కాలాల పద్ధతులతో చూపించండి. ఆ నక్షత్రం పెర్సియస్ తారామండలంలోని ఆల్గాల్. అది ఒకదాన్నొకటి కప్పుకునే జంట, అందుకే దాని వెలుగు మారుతుంటుంది.

1783లో గుడ్‌రిక్ దాని కాలాన్ని కంటితోనే పట్టాడు, గ్రహణం వల్ల కావచ్చన్నాడు. ఆర్గెలాండర్ కంటి అంచనాను మెట్లుగా మార్చి పద్ధతిగా నిలబెట్టాడు. 1910లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జోయెల్ స్టెబిన్స్ సెలీనియం సెల్‌తో (కాంతిని విద్యుత్తుగా కొలిచే పరికరం) కొలిచి, ఎవరి కంటికీ చిక్కని రెండో గ్రహణాన్ని కనిపెట్టాడు. దాని లోతు 0.06 పరిమాణం మాత్రమే (పరిమాణం అంటే నక్షత్రపు వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక). మొదటి గ్రహణంలో నక్షత్రం 2.1 నుంచి 3.4కి పడిపోతుంది, కన్ను తేలిగ్గా పట్టుకుంటుంది. కంటి అంచనా ఖచ్చితత్వం మహా అయితే 0.1. కాబట్టి రెండోది ఎందుకు అందలేదో విద్యార్థి తన గ్రాఫులోనే చూస్తాడు.

కంటి భాగానికి టెలిస్కోప్ అక్కర్లేదు. పోలిక తారలు: మిర్‌ఫాక్ 1.8, డెల్టా పెర్సియై 3.0, ఆల్ఫా ట్రయాంగులి 3.4. ఆల్గాల్ డెల్టాకంటే కొంచెం మసకగా, డెల్టా నుంచి ఆల్ఫా ట్రయాంగులికి వెళ్లే దూరంలో నాలుగోవంతు దగ్గర ఉందనిపిస్తే 3.1 అని రాస్తారు. పక్కనే ఉన్న రో పెర్సియైని పోలికకు వాడకండి, అదీ చరతారే. ఆల్మాక్ 2.1 కదా అని వాడబోతారు. దాని నారింజ రంగు కన్నును మోసం చేస్తుంది. 30 డిగ్రీల ఎత్తు కిందకు దిగితే వాతావరణం మసకబార్చడమే ఎక్కువ, అక్కడితో ఆపాలి.

షెడ్యూల్ సంగతి: ఆవర్తనం 2 రోజుల 20 గంటల 49 నిమిషాలు. అంటే మూడు రాత్రులకోసారి కనిష్ఠం (వెలుగు బాగా తగ్గే క్షణం) 3 గంటల 11 నిమిషాలు ముందే వస్తుంది. సాయంత్రం పడే కనిష్ఠాలను ముందే లెక్కవేసి ఒక్కో జట్టుకు ఒకటి కేటాయించండి. గ్రహణం మొత్తం పది గంటలు కాబట్టి కనిష్ఠానికి అటూ ఇటూ రెండున్నర గంటలు, పావుగంటకోసారి చూస్తే చాలు. ముందటి అంచనాను కాగితంతో కప్పేసి రాయించండి. గ్రాఫు ఎలా ఉండాలో తెలిసిన విద్యార్థికి తెలియకుండానే అంకె అటు వంగుతుంది.

గాజుపలక:
మధ్యలో ఫొటో పలకల కాలం ఉంది, దాన్ని దాటేస్తే ఒక పాఠం పోతుంది. కానీ డార్క్‌రూమ్ మళ్లీ తెరవమనను. డెవలపర్ ఉష్ణోగ్రత, కదిపే తీరు, కడగడం నేర్చుకోవడానికే సగం వారాలు గడిచిపోతాయి. పలక నేర్పేది స్పందన కాంతికి అనుపాతంలో ఉండకపోవడాన్ని. ఎక్స్‌పోజర్ పదింతలు చేస్తే నల్లదనం పదింతలు కాదు, పైగా మసక కాంతికి పలక స్పందన ఇంకా తగ్గుతుంది.

హార్వర్డ్ పాత పలకల స్కాన్లు అందుబాటులో ఉన్నాయి. పరిమాణం తెలిసిన పది తారల బింబ వ్యాసాలు కొలిచి గ్రాఫు గీయించండి, ఆ గీత మీదుగా తెలియని తార పరిమాణం చదివించండి. అప్పట్లో తెలిసిన పరిమాణాల బింబాలున్న చిన్న గాజుముక్కను పలక పక్కన పెట్టి పోల్చేవాళ్లు. మాజెల్లాన్ చిన్న మేఘంలోని (మన పక్కనున్న చిన్న గెలాక్సీ) 25 చరతారలతో 1912లో హెన్రియెట్టా లీవిట్ చూపిన, ఆవర్తనానికీ వెలుగుకూ ఉన్న సంబంధం వెనక ఉన్నది ఇలాంటి పలకల మీది ఓపికే. ఒక్క మధ్యాహ్నం చాలు. మబ్బు పట్టిన వారానికి దాచుకోండి.

నిశిబడి:
ఆల్గాల్ ఆలోచన బాగుంది. కానీ 20 సెం.మీ. టెలిస్కోప్‌కు అది మరీ వెలుగు కదా? కెమెరాతో రెండో గ్రహణం సాధ్యమా?

చరతార:
ఆ టెలిస్కోప్‌తో వద్దు. సంతృప్తం కాకుండా ఎక్స్‌పోజర్ 0.05 సెకనుకు తగ్గిస్తే మిణుకే దాదాపు 4 శాతం తప్పు తెస్తుంది, రెండో గ్రహణం లోతు 6 శాతం లోపే. పైగా అంత చిన్న క్షేత్రంలో పోల్చడానికి వెలుగైన తార ఉండదు. అదే కెమెరాకు 50 మి.మీ. లెన్స్ తగిలించి, కొద్దిగా ఫోకస్ చెదరగొట్టి, వి ఫిల్టర్‌తో వందల ఫ్రేములు తీసి సగటు వేయండి.

టెలిస్కోప్‌కు తగిన పని గ్రహ సంక్రమణం, అంటే వేరే నక్షత్రం ముందు దాని గ్రహం దాటడం. హెచ్.డి. 189733 అనే నక్షత్రం మంచిది: 7.7 పరిమాణం, కాంతి తగ్గేది 2.4 శాతం, 2.2 రోజులకోసారి, రెండు గంటల లోపు. ముందు ఒక గంట, తర్వాత ఒక గంట తప్పక తీయాలి, ఆ చదును లేకపోతే లోతు దేనితో పోల్చి చెబుతారు? ఒక్కో ఎక్స్‌పోజర్ 30 సెకన్లు ఉండేలా ఫోకస్ చెదరగొట్టండి. నక్షత్రపు బింబంలో అతి వెలుగైన పిక్సెల్ లెక్క 40,000 దాటనివ్వకండి. డార్క్‌లు (మూత పెట్టి తీసే ఫ్రేములు) అదే ఉష్ణోగ్రత, అదే ఎక్స్‌పోజర్‌తో 15. ఫ్లాట్‌లు (సమానంగా వెలిగే తెర లేదా ఆకాశపు ఫ్రేములు) ప్రతి ఫిల్టర్‌కూ 15, 20,000-30,000 మధ్య. ఫ్లాట్ తీశాక కెమెరాను వేలెడంత తిప్పినా ధూళి మచ్చలు పక్కకు జరిగి, చెరిపేయాల్సిన మచ్చ రెండుగా కనిపిస్తుంది. నక్షత్రం ఆకాశంలోని ఉత్తర దక్షిణ రేఖ దాటాక మౌంట్ తిరగబడితే గ్రాఫులో మెట్టు వస్తుంది, ఆ క్షణాన్ని నోట్‌బుక్‌లో రాయించండి.

యామ్యోత్తరం:
రిమోట్ టెలిస్కోప్ గురించి ఒక్కమాట. దక్షిణాకాశం కావాలన్నా, మబ్బు వారాలకైనా వాడండి. అయితే శుద్ధిచేసిన చిత్రాలు కాక ముడి ఫ్రేములే ఇవ్వండి. అందులో ఒక జట్టుకు కావాలని వేరే రాత్రి ఫ్లాట్ కలిపి ఇచ్చి, ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లనే పట్టుకోమనండి. నోట్‌బుక్ పెన్నుతోనే. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేయాలి, చెరపకూడదు. ప్రతి వరుసకూ సార్వత్రిక కాలం, ఆకాశ స్థితి, చూసినవాళ్ల పేరు. ఆ చివరి కాలమ్ లేకపోతే మొదటి వారంలో కొలిచిన మనిషి తేడా ఎవరిదో తర్వాత ఎవరూ చెప్పలేరు.