సీఎఫ్ (సిస్టిక్ ఫైబ్రోసిస్) పిల్లలకు సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) నార్మల్ వస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టకుండా ఆగొచ్చా?

అడయార్ గాలి:
కేసు ఇలా అనుకుందాం. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో కఫం జిగటగా పేరుకునే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న 12 ఏళ్ల పాప. వారంగా దగ్గు ఎక్కువైంది, కఫం పచ్చబడింది, ఎఫ్‌ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) 82 శాతం నుంచి 71కి పడింది. జ్వరం లేదు, సీఆర్‌పీ 4. రక్తం బాగుందిగా, ఆగుదాం అంటారు కొందరు. ఆగకూడదంటాను. ఈ జబ్బులో క్రిములు ఉండేది శ్వాసనాళాల్లోని జిగట కఫంలో. న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు) అక్కడికే చేరి ఎలాస్టేస్ అనే ఎంజైమ్ వదులుతాయి. సీఆర్‌పీ తయారయ్యేదేమో కాలేయంలో, అదీ ఐఎల్-6 (వాపు సంకేతం మోసే ప్రొటీన్) రక్తంలోకి చేరాక. నిప్పుంది, పొగే బయటికి రాలేదు.

మాంబళం:
అలాగని దగ్గినప్పుడల్లా 14 రోజులు టోబ్రామైసిన్, సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్స్ నరంలోకి ఎక్కిస్తారా? చెవులు, కిడ్నీలు ఏం కావాలి? జలుబు వైరస్‌కీ దగ్గు పెరుగుతుంది. ఏదో ఒక ఆధారం ఉండాలి కదండీ.

అడయార్ గాలి:
ఉండాలి, కానీ ఒక్క అంకె చాలదు. పాప బాగున్నప్పుడు సీఆర్‌పీ ఎంత ఉందో ముందే రాసిపెట్టుకోవాలి. ఎప్పుడూ 2 ఉండేవాళ్లకి 9 వస్తే, ల్యాబ్ గీత 10 దాటకపోయినా అది పెరిగినట్టే. సూడోమోనాస్ బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లో పాతుకుపోయిన పెద్దవాళ్లకి బాగున్న రోజుల్లోనే గీత దాటి ఉండొచ్చు. సీఆర్‌పీ అర్ధాయువు (రక్తంలో సగానికి తగ్గే సమయం) సుమారు 19 గంటలు. ఎక్కువగా మొదలైన సీఆర్‌పీ, మందు పనిచేస్తుంటే నాలుగైదు రోజుల్లో బాగా దిగాలి. నా లెక్కలో దాని అసలు ఉపయోగం అదే.

తాంబరం ల్యాబ్:
ముందు యూనిట్ చూడండి సార్. 4 అంటే లీటరుకు మిల్లీగ్రాములా, డెసిలీటరుకా? రెండోదైతే అది 40. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టినప్పుడు సగం గొడవ ఇక్కడే. ఈఎస్‌ఆర్‌ని (ట్యూబులో ఎర్రకణాలు ఎంత వేగంగా దిగుతాయో చూసే పరీక్ష) అసలు నమ్మొద్దు: రక్తహీనత ఉన్నా, ఐజీజీ యాంటీబాడీలు ఎక్కువున్నా పెరుగుతుంది, సీఎఫ్‌లో రెండూ మామూలే. పైగా మే నెల చెన్నైలో ఏసీ లేని గదిలో ట్యూబు నిలబెడితే ఆ వేడికే పెరుగుతుంది. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడుతుంటే న్యూట్రోఫిల్స్ లెక్కా పనికిరాదు.

మాంబళం:
ప్రొకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కోసం చూసే ఇంకో రక్తపరీక్ష) అయితే?

తాంబరం ల్యాబ్:
ఖర్చెక్కువ, ఈ పిల్లల్లో చాలాసార్లు పెరగదు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌తో ఒళ్లంతా దెబ్బతినడం) అనుమానం ఉంటే సరే.

కల్చర్ ప్లేటు:
అందరూ రక్తం చుట్టే తిరుగుతున్నారు, ఏ క్రిమో చెప్పేది కఫం. మొదటి డోసు పడకముందే తీయాలి. కఫం రాని పిల్లలకి శ్వాసనాళాలు తెరిచే సాల్బుటమాల్ ఇచ్చి, హైపర్‌టానిక్ సెలైన్ (గాఢ ఉప్పునీరు) నెబ్యులైజ్ చేసి దగ్గించండి. కుదరకపోతే కాఫ్ స్వాబ్ (దగ్గించి గొంతులోంచి దూదిపుల్లతో తీసే నమూనా). 2 గంటల్లో ల్యాబ్ చేరాలి. వేళచ్చేరి ట్రాఫిక్‌లో అది కుదరదనుకుంటే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచండి, లేదంటే నోటి బ్యాక్టీరియా పెరిగి అసలుదాన్ని కప్పేస్తుంది. ఫారం మీద 'సీఎఫ్' అని రాయడం మర్చిపోవద్దు. రాయకపోతే బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియా కోసం ప్రత్యేక మీడియా (క్రిములను పెంచే పదార్థం) మీద వేయకపోవచ్చు, అది దొరకదు. సూడోమోనాస్ యాంటీబాడీలు పాతుకుపోయినదాన్ని బాగా చూపిస్తాయి, తొలి చేరికను తప్పించొచ్చు.

అడయార్ గాలి:
పిల్లికూతలుంటే మొత్తం ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ) కూడా పంపండి. 500 దాటితే ఆస్పర్‌జిల్లస్ (ఒక బూజు) అలర్జీ అనుమానించాలి, దానికి యాంటీబయాటిక్ ఎంత పోసినా దండగే.

మాంబళం:
సరే, ఈ పాపకి కఫం తీసి మొదలుపెడదాం. మరి ఎఫ్‌ఈవీ1 పడకుండా, ముక్కు కారుతూ దగ్గే పిల్లకి? సీఆర్‌పీ 3 ఉంటే నేను సూది మందు ఎక్కించను.

అడయార్ గాలి:
సూదికి ఆగొచ్చు. నోటి మందు మాత్రం కఫం తీశాక మొదలుపెడతాను, ఇక్కడ మీతో కలవను. ఫిజియో (కఫం వదిలించే వ్యాయామం) రోజుకు రెండుసార్ల నుంచి నాలుగుసార్లకు పెంచి, 48 గంటల్లో మళ్లీ ఊదించి ఎఫ్‌ఈవీ1 చూడండి.