మొదటిసారి వ్యానులో పడుకోబోతున్నాం, ఏం సర్దుకోవాలి?

అడిగింది: సునాబెడకు కొత్త

పెద్దలందరికీ నమస్కారం. ఈ మధ్యే విజయనగరం నుంచి బదిలీ మీద ఒడిశాలోని సునాబెడ వచ్చాను. పాత వ్యాను ఒకటి కొని, వెనక సీట్ల మీద పరుపు పట్టేలా చెక్క పలకలు అమర్చాను. జనవరిలో మా ఆవిడ, ఏడేళ్ల పాపతో దేవమాలి కొండ దగ్గర రెండు రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. నెట్‌లో చూస్తే సామాన్ల జాబితా చాంతాడంత ఉంది. సోలార్ ప్యానెల్, ఇన్వర్టర్, ఫ్రిజ్, మడత కుర్చీలు... అన్నీ కొంటే వ్యాను ధర దాటిపోతుంది. ఏవి లేకపోతే నిజంగా గడవదు? పరాయి రాష్ట్రం, ఒడియా అంతంతమాత్రం. కొంచెం టెన్షన్‌గానే ఉంది.

జవాబు: జయపురం పాతకాపు

బాబూ, ముందు ఆ పరాయి అన్న మాట తీసెయ్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ జయపురం, కొరాపుట్ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాయే. జయపురం బజార్లో తెలుగులో బేరమాడితే ఎవరూ వింతగా చూడరు. కొండ ఊళ్లలో మాత్రం దేశియా మాట్లాడతారు. అక్కడ నీ తెలుగే కాదు, బడిలో నేర్చిన ఒడియా కూడా తడబడుతుంది.

ఇక సామాను. ఫ్రిజ్జూ గిజ్జూ పక్కన పెట్టు. తాపీమేస్త్రి దగ్గర ఉండే రసమట్టం చిన్నది ఒకటి కొను. బండి ఆపగానే దాన్ని పరుపు పలక మీద పొడుగ్గా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూడు. బుడగ రెండు గీతల మధ్యకి వచ్చేదాకా, పల్లంలో ఉన్న చక్రం కింద పలక వేసి దాని మీదకి బండి ఎక్కించు. కొండ మీద కంటికి చదునుగా కనిపించేదేదీ చదును కాదు. తల పల్లంలో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తలంతా దిమ్ముగా ఉంటుంది. బండి కుదిరాక చక్రాలకు అడ్డం చెక్క దిమ్మలు పెట్టాలి. ఒక్క హ్యాండ్‌బ్రేకును నమ్ముకుని, చంటిదాన్ని పక్కన పెట్టుకుని వాలు మీద నిద్రపోతావా? వీటిని ఆన్‌లైన్‌లో కొనక్కర్లేదు, టింబర్ డిపోలో అడిగితే తుక్కు ముక్కలే చాలు.

జవాబు: సిమిలిగుడ

అన్నగారు చలి ఊసే ఎత్తలేదు. జనవరి తెల్లవారుజామున ఇక్కడ పది డిగ్రీల కిందికి దిగుతుంది. దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. పైన గాలి లెక్కే వేరు. చలికి భయపడి కిటికీలన్నీ బిగించేస్తే ముగ్గురి ఊపిరీ పైరేకుకు చెమ్మగా పట్టి, పొద్దున్నకి దుప్పటి మీద చుక్కలు రాలతాయి. రెండు వైపులా వేలెడు సందు వదిలి జాలీ కట్టండి. ఉన్న రగ్గుల్లో ఒకటి కింద పరుచుకోండి, అందరూ అన్నీ పైనే కప్పుకుని కింద నుంచి వణుకుతారు.

కుంపటి మాత్రం లోపలికి తేవద్దు. నిప్పులు ఆరిపోయినట్టు కనిపించినా తేవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారం బ్యాటరీది దొరుకుతుంది. నన్నడిగితే జాబితాలో మొదట కొనాల్సింది అదే. అలారం ఉంది కదా అని కుంపటి పెట్టేవాళ్లూ ఉంటారు, వాళ్లకు చెప్పేదేం లేదు.

స్టవ్ విషయం. చిన్న డబ్బాల్లో వచ్చే వట్టి బ్యూటేన్ చలికి మొరాయిస్తుంది, సున్నా డిగ్రీల దగ్గర అసలు ఆవిరే కాదు. ప్రొపేన్ కలిపిన డబ్బా గానీ, 5 కిలోల చిన్న సిలిండర్ గానీ తీసుకోండి. వంటింటి 14.2 కిలోల ఎర్ర సిలిండర్ బండిలో వెయ్యకూడదు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేలనే పట్టుకుని ఉంటుంది. అంచేత వంట బయటే.

జవాబు: కొరాపుట్, అద్దె ఇల్లు

కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా గోడు వినండి. అద్దెకు దిగేటప్పుడు మా పాత ఇంటాయన "బండికి బోలెడు చోటు" అన్నాడు. సంక్రాంతికి ముందు వ్యానులో బ్యాటరీ చార్జింగ్ కోసం మా కిటికీలోంచి వైరు లాగాను. రాత్రి పదకొండింటికి చూస్తే ఆయన లుంగీ ఎగ్గట్టి, టార్చిలైటు వేసుకుని మీటరు దగ్గర నిలబడి ఉన్నాడు. పొద్దున్నే తలుపు కొట్టి "మీ బస్సుకు కరెంటు ఎవరు కడతారు?" అన్నాడు. బస్సట! మా మీటరు వేరు, బిల్లు మేమే కడుతున్నాం, అయినా వినడే. 100 యాంపియర్ అవర్ల బ్యాటరీ, 12 వోల్టులు, నిండా ఎక్కితే 1.2 యూనిట్లు, మధ్యలో నష్టం కలిపినా రెండు దాటదు అని కాగితం మీద లెక్కేసి చూపించాను. శ్రద్ధగా విని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాం. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి "వాహన విద్యుత్తు" కింద నాలుగు వేలు కోశాడు. రసీదు అదే కాగితం వెనకవైపు రాసి ఇచ్చాడు. పెద్దమనుషుల చేత చెప్పించినా పైసా రాలలేదు.

కాబట్టి తమ్ముడూ, బండి ఎక్కడ పెట్టాలి, చార్జింగ్ ఎలా అన్నది అద్దె కాగితంలోనే రాయించుకో. రెండు రాత్రులకైతే సోలార్ వద్దు, రెండో బ్యాటరీ వద్దు. పెద్ద పవర్ బ్యాంకు ఒకటి, తలకు కట్టుకునే లైట్లు చాలు. స్టార్టింగ్ బ్యాటరీ మీద రాత్రంతా లైటు వేస్తే పొద్దున్నే తోయాల్సి వస్తుంది. తర్వాతెప్పుడైనా కొంటే గుర్తుంచుకో, మామూలు లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది. లిథియంది ఎనభై శాతం దాకా వాడినా తట్టుకుంటుంది.

జవాబు: రాయగడ

సామాను సరే, కాగితాల సంగతేంటి? నీది ఏపీ నంబరు కదా. 30 రోజులు దాటితే ఒడిశా నంబరు వేయించాల్సిందే.

జవాబు: జయపురం పాతకాపు

రాయగడ బావ మళ్లీ మొదలెట్టాడు. 30 రోజులు చిరునామా మార్పు తెలపడానికి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 49. వేరే రాష్ట్రంలో బండి 12 నెలలు మించి ఉంచితేనే నంబరు మార్చాలి, అది సెక్షన్ 47. ఇక్కడ ఎన్నిసార్లు చెప్పాలి?

జవాబు: రాయగడ

రోడ్డు మీద ఆపినవాడికి సెక్షన్లు చదివి వినిపించు, నేనూ చూస్తాను. కొత్త బాబూ, సీట్లు పీకలేదు కదా? పీకి మంచం బిగిస్తే ఆర్సీలో ఉన్నదొకటి, బండిలో ఉన్నదొకటి అవుతుంది. దానికి సెక్షన్ 52 కింద అనుమతి కావాలి. తీసేసే పలకలైతే గొడవ లేదు. ఇంకో మాట, సునాబెడలో హెచ్‌ఏఎల్ వాళ్ల విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది. డ్రోన్ కొనే ఆలోచన ఉంటే మానుకో.

జవాబు: దమన్‌జోడి

మీరు సెక్షన్లతో కొట్టుకుంటూ ఉండండి. తమ్ముడూ, నీ జాబితాలో మరుగుదొడ్డి లేదేం? మీ ఆవిడ నిన్ను మొదట అడిగేది అదే. మడత కమోడ్ స్టూలు, గట్టి సంచులు, చిన్న పార, చుట్టూ కట్టడానికి పాత చీర. వాగుకు, ఊటకు దూరంగా వెళ్లాలి, కింద ఊరివాళ్లు తాగేది ఆ నీళ్లే. కుళాయి ఉన్న 20 లీటర్ల క్యాన్లు రెండు నింపుకుని బయలుదేరండి.

చలికాలమని దోమతెర మానొద్దు. ఈ జిల్లాల్లో మలేరియా పాతది, అందులోనూ ప్రాణం మీదకి తెచ్చే ఫాల్సిపేరం రకం. తిరిగొచ్చిన వారం పది రోజులకు పాపకు జ్వరం వచ్చినా పడిశం అనుకోకుండా రక్తపరీక్ష చేయించండి, కొండ మీద పడుకున్నామని డాక్టరుకు చెప్పండి.

మొదటి రాత్రి మాత్రం మీ ఇంటి ముందే బండిలో పడుకోండి. ఏం మరిచారో అర్ధరాత్రికల్లా తెలిసిపోతుంది.

అడిగింది: సునాబెడకు కొత్త

అందరికీ చాలా థాంక్స్. ఫ్రిజ్ ఆర్డర్ రద్దు చేశాను. సీట్లు పీకలేదండి. ఘాట్ రోడ్డు భయం ఒకటి మిగిలింది.

జవాబు: సిమిలిగుడ

ఏ గేరులో ఎక్కుతావో అదే గేరులో దిగు. బ్రేకు మీద కాలు అదిమిపెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. వాసన వస్తే ఆపి చల్లారనివ్వు, నీళ్లు పొయ్యకు. స్టెప్నీలో గాలి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకో. శుక్రవారం బయలుదేరితే కూరగాయలు కుందులి సంతలో తీసుకోవచ్చు. బండి మాత్రం దూరంగా ఆపు, సంతలో ఇరుక్కుంటే కదలదు.

జవాబు: రాయగడ

కుందులి సంత గురువారం కదా?

జవాబు: సిమిలిగుడ

గురువారం ఒనకడిల్లి, బావగారూ. కుందులి శుక్రవారమే.